సీహెచ్‌ఆర్ ప్రోగ్రామును ముందు కాగితం మీద నడపండి

టామ్ ఫ్రూవిర్త్ 1991లో రూపొందించిన, రూల్స్‌తో ప్రోగ్రాములు రాసే భాష కన్‌స్ట్రెయింట్ హ్యాండ్లింగ్ రూల్స్‌కి, అంటే సీహెచ్‌ఆర్‌కి, ప్రధానంగా రెండు ఆపరేషనల్ సెమాంటిక్స్ (ప్రోగ్రాము ఎలా నడుస్తుందో చెప్పే నిర్వచనాలు) ఉన్నాయి. అబ్‌స్ట్రాక్ట్ సెమాంటిక్స్‌లో వర్తించే రూల్ ఏదైనా, ఏ వరుసలోనైనా నడవొచ్చు. 2004లో వచ్చిన రిఫైన్డ్ సెమాంటిక్స్‌లో రూల్స్‌ను పైనుంచి కిందికి చూస్తారు. మామూలుగా సిస్టమ్స్ నడిచేది ఈ రెండో పద్ధతిలోనే. అయినా కాగితం మీద ఎలా నడపాలని ఎవరు అడిగినా మొదటిదానితోనే మొదలుపెట్టమంటాను. ఎందుకో ఈ గ.సా.భా. ప్రోగ్రాములో చూడండి:

గసాభా(0) <=> నిజం.
గసాభా(న) \ గసాభా(మ) <=> న =< మ | గసాభా(మ - న).

గసాభా(9) లాంటిది ఒక కన్‌స్ట్రెయింట్, ప్రస్తుతం ఉన్న కన్‌స్ట్రెయింట్ల జాబితా స్టోర్. రెండో రూల్‌లో వాలుగీతకు ఎడమవైపుది స్టోర్‌లో ఉండిపోతుంది, కుడివైపుది పోయి దాని బదులు చివర ఉన్నది వస్తుంది. నిలువు గీతకు ముందున్నది గార్డ్, అంటే రూల్ నడవాలంటే నిజం కావాల్సిన షరతు.

కాగితం మీద స్టోర్ రాసుకోండి. ప్రతి కన్‌స్ట్రెయింట్ పక్కన ఒక నంబరు వెయ్యండి, ఒకసారి వాడిన నంబరు మళ్ళీ వాడొద్దు. విలువ ఒకటే అయినా కాపీలు వేరని గుర్తుండేది ఈ నంబర్లవల్లే. 9, 6 తో మొదలుపెడదాం (9#1 అంటే ఒకటో నంబరు గసాభా(9)):

9#1, 6#2
6#2, 3#3
3#3, 3#4
3#3, 0#5

ఇక్కడ ఆగండి. మొదటి రూల్ వాడితే 0#5 పోయి 3 మిగులుతుంది, అదే జవాబు. కానీ అబ్‌స్ట్రాక్ట్‌లో రెండో రూల్ కూడా వర్తిస్తుంది: న = 0, మ = 3. 0 =< 3 నిజమే కాబట్టి 3#3 పోయి 3#6 వస్తుంది. తర్వాత 3#7, 3#8... దీనికి అంతం లేదు.

రిఫైన్డ్‌లో ఈ తప్పు కనపడదు. సున్నా స్టోర్‌లోకి రాగానే మొదటి రూల్ దాన్ని తీసేస్తుంది. రేపెవరో రెండు రూల్స్‌నీ తారుమారు చేస్తే మాత్రం ప్రోగ్రాము ఆగదు. అందుకే గార్డ్‌లో ‘0 < న’ కూడా చేర్చండి. అప్పుడు వరుస ఏదైనా జవాబు మారదు. ప్రోగ్రాము సరిగ్గా నడవడానికి రూల్స్ వరుస మీద ఆధారపడటం నాకు ససేమిరా నచ్చదు. తప్పనిసరైతే ఆ మాట కామెంట్‌లో రాసిపెట్టాలి.

ప్రాపగేషన్ రూల్స్‌కి, అంటే ఉన్నవాటిని ఉంచి కొత్తవి చేర్చే రూల్స్‌కి, ఇంకో కాలమ్ కావాలి. ‘చిన్న(క, ఖ), చిన్న(ఖ, గ) ==> చిన్న(క, గ)’ దేన్నీ తీసెయ్యదు కాబట్టి అదే జంట మీద ఎన్నిసార్లైనా నడవగలదు. రూల్ పేరు, వాడిన నంబర్లు వరుసగా ఆ కాలమ్‌లో రాయండి. ఆ వరుస ముందే ఉంటే రూల్ నడపొద్దు. సెమాంటిక్స్‌లో ప్రాపగేషన్ హిస్టరీ అనేది ఇదే.