తలకోన అడవిలో ఒక రాత్రి: కారులో వెళ్లి బస చేయడం ఎలా?

టెంట్ డిక్కీలో వేసుకుని, నచ్చిన చోట బండి ఆపి పడుకుందాం అనుకుంటే శేషాచలం అడవుల్లో కుదరదు, కుదరకూడదు కూడా. తిరుపతి దగ్గరి ఈ తలకోన శ్రీ వేంకటేశ్వర జాతీయ వనంలో ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద లోపలికి వెళ్లాలంటే అనుమతి ఉండాలి. పైగా ఇది ఎర్రచందనం పెరిగే అడవి, రాత్రిపూట పొదల్లో టార్చి వేసుకుని తిరిగే మనిషి టూరిస్టా, స్మగ్లరా అన్నది చీకట్లో సిబ్బందికి ఎలా తెలుస్తుంది?

ముందు బస ఖాయం చేసుకోండి. తలకోనలో గదులు దొరుకుతాయి, కానీ శని, ఆదివారాల్లో తిరుపతి జనమంతా అక్కడే ఉంటారు కాబట్టి మామూలు రోజుల్లో వెళ్తే హాయి. సొంత టెంట్ వేయాలనుకుంటే ఎక్కడ వేయనిస్తారో బయల్దేరే ముందే అటవీ సిబ్బందిని అడగండి, వాళ్లు చూపించిన చోట తప్ప ఇంకెక్కడా వేయకండి. వానలు తగ్గాక డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా వెళ్లడం మంచిది. తుఫాను హెచ్చరిక ఉంటే మాత్రం ఆ వారం మానుకోండి.

బండి చూసుకోండి. అన్నిటికంటే ఎక్కువ టైం దీనికే ఇవ్వాలి. నాలుగు టైర్లతో పాటు స్టెప్నీలోనూ గాలి చూపించండి, చాలామంది దాన్ని ఏడాదంతా పట్టించుకోరు. జాకీతో పాటు జానెడు వెడల్పున్న గట్టి చెక్క పెట్టుకోండి. తడి మట్టిలో జాకీ దిగబడిపోతుంది, కింద చెక్క ఉంటేనే బండి లేస్తుంది. పెట్రోలు తిరుపతిలోనే నింపుకోండి. మ్యాప్ కూడా ఫోన్‌లో ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి, లోపల సిగ్నల్‌ని నమ్ముకోలేం. ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి బయల్దేరండి.

మధ్యాహ్నానికే బయల్దేరండి. తిరుపతి నుంచి చంద్రగిరి, రంగంపేట, భాకరాపేట, అక్కడి నుంచి కుడివైపు నెరబైలు, తలకోన. మొత్తం 60 కిలోమీటర్లు ఉంటుందేమో, గంటలో వెళ్లిపోవచ్చు అనిపిస్తుంది గానీ భాకరాపేట ఘాట్‌లో తొందర పనికిరాదు. ఆ మలుపుల్లో 2022లో పెళ్లి నిశ్చితార్థానికి వెళ్తున్న బస్సు లోయలో పడి ఎంతోమంది చనిపోయారు. దిగేటప్పుడు సెకండ్ గేర్‌లో దిగండి, న్యూట్రల్ చేయకండి, మలుపుకి ముందు హారన్ కొట్టండి. ఘాట్ దాటి అడవిలోకి వచ్చాక హారన్ మరిచిపోండి. సూర్యుడు దిగేలోపు బస దగ్గరికి చేరాలి, ఎందుకంటే ఏనుగులు, చిరుతలు, ఎలుగుబంట్లు దారి మీదికి వచ్చేది ఎక్కువగా చీకటి పడ్డాకే.

ఏనుగు ఎదురైతే దూరంగానే ఆగండి. హెడ్‌లైట్లు మిణుకుమిణుకుమనిపించడం, హారన్ కొట్టడం, ఫోటో కోసం దిగడం, ఇవేవీ వద్దు. పిల్లతో ఉన్న ఏనుగైతే మరీ జాగ్రత్త. దారి ఖాళీ అయ్యేదాకా ఇంజిన్ ఆపకుండా కూర్చోండి, మీ వైపు వస్తే నెమ్మదిగా రివర్స్ చేసుకోండి.

రాత్రి. మంట వేయకండి. ఇలాంటి వనాల్లో అడవికి ముప్పు తెచ్చేలా నిప్పు రాజేయడాన్ని చట్టమే నిషేధించింది, ఎండుగడ్డికి ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే వండే పని పెట్టుకోకుండా పులిహోర, చపాతీలు, ఊరగాయ తీసుకెళ్లండి. కోతులు సంచి లాక్కుంటాయి కాబట్టి తిండి కారులోనే, అద్దాలు పూర్తిగా ఎక్కించి పెట్టండి. చెప్పులు, బూట్లు బయట వదలకండి, పొద్దున వేసుకునే ముందు తలకిందులు చేసి దులపండి, తేళ్లు దూరుతాయి. బయటికి వెళ్తే చేతిలో టార్చి ఉండాలి. ఎవరినైనా పాము కరిస్తే గాయం కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించి కట్టడం చేయకండి. కరిచిన కాలో చెయ్యో కదపనీయకుండా పడుకోబెట్టి, సిబ్బందిని లేపి, వెంటనే తిరుపతి పెద్దాసుపత్రికి పరిగెత్తండి.

పొద్దున్నే జలపాతం. 270 అడుగుల ఎత్తు నుంచి నీళ్లు పడతాయి. జనం రాకముందు వెళ్తే చెట్ల పైన బెట్లుడుత (పెద్ద అడవి ఉడుత) దూకడం చూడొచ్చు, దారిలో బాగా లావుగా పెరిగిన గిల్లతీగ కూడా కనిపిస్తుంది. నాచు పట్టిన బండల మీద ఎక్కకండి, గుంటల్లో లోతు కంటికి తెలియదు, ఈతొచ్చినవాళ్లు కూడా ప్రాణాలు పోగొట్టుకున్నారు. దిగొద్దన్న చోట దిగకండి. బిస్కెట్ కవర్లు, నీళ్ల సీసాలు, పిల్లల డైపర్లతో సహా చెత్తంతా ఒక సంచిలో వేసుకుని తిరుపతికే తెచ్చేయండి.