నర్సింగ్ అధ్యాపకులు కావాలంటే వార్డు నుంచే మొదలుపెట్టాలి

నర్సింగ్ కళాశాలలో పాఠం చెప్పాలని, పరిశోధన చేయాలని కోరుకునేవారు వార్డు నుంచి త్వరగా బయటపడాలని చూడకూడదు. నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ గానీ, జీఎన్‌ఎం (నర్సింగ్, మిడ్‌వైఫరీ డిప్లొమా) తర్వాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ గానీ పూర్తిచేసి రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకున్నవారికి, ఎమ్మెస్సీలో చేరేందుకు 55 శాతం మార్కులతో పాటు ఏడాది పని అనుభవం కావాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన పెట్టింది. ఈ కౌన్సిల్‌కు ఆధారమైన 1947 నాటి చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది కాబట్టి, దరఖాస్తుకు ముందు ఆ ఏటి నోటిఫికేషన్‌ను పూర్తిగా చదవండి.

ఆ ఏడాది అనుభవాన్ని కేవలం సర్టిఫికెట్ కోసం గడిపేయకండి, ఎందుకంటే మంచి పరిశోధన ప్రశ్నలు అక్కడే దొరుకుతాయి. ఉదాహరణకు సెలైన్, మందులు ఎక్కించేందుకు నరంలో పెట్టే సన్నని గొట్టాలను, అంటే ఐవీ క్యాన్యులాలనే గమనించండి. ఎక్కడ పెట్టారు, ఏ సైజుది, ఎన్నో రోజున అక్కడ ఎరుపో వాపో కనిపించింది అని ప్రతి షిఫ్టులో శ్రద్ధగా చూస్తూ పోతే, మోచేతి మడతలో పెట్టినవి ముంజేతిలో పెట్టినవాటికంటే ముందుగా పాడవుతున్నాయా అనే సందేహం నెల తిరిగేసరికి మీకే కలుగుతుంది. దానిని అధ్యయనంగా మార్చే రోజున మాత్రం, పరిశోధనలో రోగుల హక్కులను, భద్రతను చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి చేతికి వచ్చేదాకా ఒక్క రోగి వివరం కూడా సేకరించకూడదు. రోగులకు ఏదైనా చికిత్సనో కొత్త పద్ధతినో ఇచ్చి ఫలితం చూసే అధ్యయనమైతే, మొదటి రోగిని చేర్చుకోకముందే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయాలి.

ఎమ్మెస్సీ థీసిస్‌కు చాలామంది ‘అవగాహన స్థాయి’ అంశాలనే ఎంచుకుంటారు. ముప్పై ప్రశ్నలు అడిగి, ఒక గంట పాఠం చెప్పి, వారం తర్వాత అవే ప్రశ్నలు మళ్లీ అడిగితే మార్కులు పెరగడం సహజమే; దానివల్ల రోగికి ఒరిగేది తక్కువ. పాఠం విన్నవారు పడక దగ్గర చేతులు కడుక్కుంటున్నారా లేదా అని స్వయంగా చూసి లెక్కించడం కష్టమైనా, నా దృష్టిలో అదే చేయదగిన పని.

ప్రశ్నావళిని తెలుగులోకి తెచ్చేటప్పుడు ఎంత జాగ్రత్తపడినా తక్కువే. నొప్పి ఉందా అని అడిగితే లేదని తల ఊపే పెద్దావిడ, సలుపుతోందా అమ్మా అంటే ఔనని చెప్పవచ్చు; పోటు, మంట, తీపు, సలుపు అన్నవి మనవాళ్లకు వేర్వేరు బాధలు. అందుకే ఒకరు అనువదించినదాన్ని మూలం చూడని మరొకరితో తిరిగి ఇంగ్లిష్‌లోకి రాయించి రెండింటినీ పోల్చాలి. ఆ తర్వాత కొద్దిమంది రోగులకు చదివి వినిపించి, ఎక్కడ తడబడుతున్నారో చూడాలి.

పీహెచ్‌డీకి విశ్వవిద్యాలయాలతో పాటు, బెంగళూరులోని రాజీవ్ గాంధీ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయంతో కలిసి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నడిపిన నేషనల్ కన్సార్షియం అనే ఉమ్మడి పీహెచ్‌డీ కార్యక్రమం గురించి కూడా విచారించండి. గైడ్‌ను ఎంచుకునేటప్పుడు హోదా కంటే, వారి దగ్గర చేసినవారు ఎన్నేళ్లలో పూర్తిచేశారో అడిగి తెలుసుకోవడం మేలు. రెండు రోజుల్లో అచ్చువేస్తామంటూ డబ్బు అడిగే పత్రికలకు వ్యాసం పంపకండి.

ఉద్యోగంలో చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెంటనే వెనక్కి తీసుకోండి. నేను ఒకచోట వదిలిపెట్టి, పీహెచ్‌డీ ఇంటర్వ్యూ సమయానికి వాటి కోసం నెలల తరబడి తిరిగాను.