ఇరవైల్లో డయాలసిస్ మొదలైతే బతుకుని ఎలా నడుపుకోవాలి

హీమోడయాలసిస్, అంటే పాడైన కిడ్నీల బదులు మెషిన్‌తో రక్తాన్ని శుభ్రం చేయడం, మామూలుగా వారానికి 3 సార్లు, ఒక్కోసారి దాదాపు 4 గంటలు. ముందు ఈ లెక్క ఒప్పుకుని చదువు, ఉద్యోగం దాని చుట్టూ సర్దుకోండి. డయాలసిస్ అయిన సాయంత్రం చాలామందికి ఒళ్లు హూనమైపోతుంది, కాబట్టి ఆ పూట ఇంటర్వ్యూలు పెట్టుకోకండి.

ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి ధమనిని, సిరని కలిపిన చోటు) ఉన్న చేతిని మీరే కాపాడుకోవాలి. రోజూ పొద్దున్నే దానిమీద వేళ్లు పెట్టి చూడండి, జివ్వుమని అదురు తెలియాలి. తెలియకపోతే రేపటిదాకా ఆగకుండా వెంటనే సెంటర్‌కి వెళ్లండి. ఆ చేతికి బీపీ చూస్తామన్నా, రక్తం తీస్తామన్నా "ఈ చేతికి వద్దండి" అని గట్టిగా చెప్పండి. ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు ఈ ఒక్క మాటతో మొదలుపెట్టి, కొన్నాళ్లకి తమ పొటాషియం, హిమోగ్లోబిన్ అంకెలు తామే చదివి డాక్టర్ని ప్రశ్నలు అడుగుతారు చూడండి, నా దృష్టిలో అసలైన ఎదుగుదల అదే.

చుట్టాలు ప్రేమగా కొబ్బరిబోండం తెస్తారు. అందులో పొటాషియం ఎక్కువ, పాడైన కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు, మొహమాటపడి తాగకండి. నీళ్లు కూడా డాక్టర్ చెప్పిన కొలతే.

కిడ్నీ మార్పిడికి మీరు పనికొస్తారా అని మొదట్లోనే అడగండి. ఇంట్లో దాత లేకపోతే ఆసుపత్రి ద్వారా జీవన్‌దాన్‌లో (చనిపోయినవాళ్లు దానం చేసిన అవయవాలు అవసరమైనవాళ్లకి అందించే ప్రభుత్వ కార్యక్రమం) పేరు నమోదు చేయించుకోండి.

దిగులు, టెన్షన్ వారాల తరబడి వదలకపోతే అమ్మానాన్నలు బాధపడతారని లోపలే దాచుకోవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చేమీ ఉండదు.