పెద్ద షోరూం ఉన్న ఊళ్లో చిన్న కంప్యూటర్ షాపు నడపడం ఎలా?

విజయనగరం గంటస్తంభం దగ్గర గానీ, శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్‌లో గానీ కొత్తగా కంప్యూటర్ షాపు పెట్టే కుర్రాళ్లు నన్ను ముందు అడిగేది ఒకటే: డిస్కౌంట్ షోరూం రేటు మనం ఇవ్వగలమా అని. ఇవ్వలేం. వాళ్లు సరుకు వందల్లో ఎత్తుతారు, పైగా కార్డు మీద తగ్గింపు, ఈఎంఐ ఇస్తారు. కంప్యూటర్ పెట్టెతో పాటు పనిని కూడా అమ్మితేనే చిన్న షాపు నిలుస్తుంది.

మొదట ఆ షోరూంకి వెళ్లి, ఏయే మోడళ్లు ఉన్నాయో రాసుకుని రండి. అవి మీ దగ్గర పెట్టకండి. 1982లో అమెరికాలో కమొడోర్ 64 అనే ఇంటి కంప్యూటర్ వచ్చినప్పుడు ధర 595 డాలర్లు. మరుసటి ఏడాదికల్లా అది డిస్కౌంట్ స్టోర్లలో 200 డాలర్ల చిల్లరకి దొరికింది. ముందే ఎక్కువ పెట్టి కొన్న కంప్యూటర్ డీలర్ల గతి ఏం కావాలి? అదే ధరల పోరులో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1983లో ఇంటి కంప్యూటర్ల వ్యాపారమే మానేసింది. ఒకే పెట్టె రెండు చోట్ల ఉంటే, జనం ధర ఒక్కటే చూస్తారు. అందుకే మీరు అసెంబుల్డ్ సిస్టంల మీద, అంటే విడిభాగాలు తెచ్చి మీరే బిగించిన కంప్యూటర్ల మీద నిలబడండి.

బిల్లులో "కంప్యూటర్ 1" అని రాసి ఊరుకోకండి. ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఎస్ఎంపీఎస్ (లోపలి భాగాలకి కరెంటు అందించే పెట్టె) దేనికది మోడల్, సీరియల్ నంబరు, వారంటీతో రాయండి. జీఎస్టీ 18 శాతం విడిగా చూపించండి. ధర తగ్గించడానికి ఎస్ఎంపీఎస్‌లో మాత్రం నాసిరకం వేయకండి. అది పోతే మిగతావీ పోవచ్చు.

ఇక అసలు పని కొన్నవాళ్ల ఇంట్లో. బొబ్బిలి దగ్గర పల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చి, "ఏటి బాబూ ఇది, ముట్టుకుంటే జివ్వుమంటంది!" అన్నారు. పిల్ల డిగ్రీ చదువు కోసం వేరే చోట కొన్న సిస్టం అది. సిస్టంలో ఏ లోపమూ లేదు, ఇంట్లో ఎర్తింగ్ (లీకైన కరెంటును భూమిలోకి పంపే ఏర్పాటు) లేదు. ఎర్త్ లేకపోతే ఎస్ఎంపీఎస్‌లోని ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల క్యాబినెట్ మీదకి కొద్దిపాటి కరెంటు వస్తుంది. అందుకే కంప్యూటర్ పెట్టే ముందు మల్టీమీటర్‌తో సాకెట్ చూడండి. ఫేజ్ అంటే కరెంటు వచ్చే తీగ, న్యూట్రల్ అంటే అది తిరిగి వెళ్లే తీగ. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య దాదాపు ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య ఉన్నంత వోల్టేజీ రావాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు. తేడా ఉంటే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి ఎర్త్ పిట్ వేయించమనండి. సాకెట్లో న్యూట్రల్ తీగనే ఎర్త్ పిన్నుకి కలిపేవాళ్లు ఉంటారు, ఒప్పుకోకండి. న్యూట్రల్ తెగిన రోజున క్యాబినెట్ మీద పూర్తి కరెంటు ఉంటుంది, పిల్లలు ముట్టుకునే వస్తువు అది. కరెంటు పోయినా కాసేపు సిస్టంని నడిపే యూపీఎస్ కూడా అదే రోజు పెట్టించండి. తిత్లీ లాంటి తుఫాన్లు చూసిన జిల్లాలు మనవి.

షోరూంలో కొన్నవాళ్లు మీ దగ్గరకి రిపేరుకి వస్తే ముఖం చిట్లించకండి. ఒకతను డిస్‌ప్లే రావట్లేదని టెన్షన్‌గా సిస్టం మోసుకొచ్చాడు. మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకి కాకుండా మదర్‌బోర్డు పోర్టుకి పెట్టి ఉంది. తీసి పైనుంచి కిందకి మార్చాను, బొమ్మ వచ్చింది. నిమిషం పని కాబట్టి డబ్బు తీసుకోలేదు, ఎందుకలా అయిందో చూపించాను. పెద్ద పనులకి మాత్రం చార్జీల పట్టిక గోడ మీద రాసి పెట్టండి. అడిగాక చెప్పే రేటు మీద జనానికి నమ్మకం ఉండదు.

సరుకు దసరా, సిరిమానోత్సవం రద్దీకి ముందే తెప్పించుకోండి, కానీ అప్పు చేసి నింపకండి. కంప్యూటర్ సరుకు షాపులో పడి ఉండగానే ధర తగ్గిపోవచ్చు.

ఒక నోటుబుక్కు పెట్టి, అమ్మిన ప్రతి సిస్టం వారంటీ ముగిసే తేదీ రాసుకోండి. నెల రోజుల ముందే ఫోన్ చేసి, "అమ్మా, ఏదైనా ఇబ్బంది ఉంటే ఇప్పుడే తీసుకురండి" అని చెప్పండి.