స్పెక్ట్రోగ్రామ్‌లో ఆ గీత ఎక్కడిది? ఇంటి సీస్మోగ్రాఫ్‌కు సమస్య - పరిష్కారం

వరంగల్ చుట్టుపక్కల ఇంట్లో సీస్మోగ్రాఫ్ పెట్టుకుంటే భూకంపాలు అరుదుగా, మోటార్లు రోజూ కనిపిస్తాయి. స్పెక్ట్రోగ్రామ్‌లో (అడ్డంగా సమయం, నిలువుగా ఫ్రీక్వెన్సీ చూపే పటంలో) వింత కనబడగానే ఫిల్టర్ వేసి తుడిచేయొద్దు. అది నేల నుంచి వచ్చిందా, కరెంటు నుంచి వచ్చిందా, మన లెక్కలోంచే పుట్టిందా అన్నది ముందు తేలాలి. ఇక్కడి అంకెలు 4.5 హెర్ట్జ్ జియోఫోన్ (నేల కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే సెన్సర్) పెట్టి, సెకనుకు 100 శాంపిళ్లు తీసే పరికరానికి సరిపోతాయి. భూకంప డేటాను చూసే సాఫ్ట్‌వేర్ అబ్స్‌పై (ObsPy) అయినా స్వార్మ్ (Swarm) అయినా ఒకటే.

24 హెర్ట్జ్ దగ్గర గంటల తరబడి సన్నని అడ్డగీత

ఇది దాదాపుగా మోటారే. నాలుగు పోళ్ల (అయస్కాంత ధ్రువాల) ఇండక్షన్ మోటారు లోడు మీద నిమిషానికి 1440 దగ్గర తిరుగుతుంది. 60తో భాగిస్తే 24. రైస్ మిల్లుల్లో, పిండి గిర్నీల్లో ఎక్కువగా ఉండేవి ఇవే. బోరు సబ్‌మెర్సిబుల్ రెండు పోళ్లది, 2850 దగ్గర తిరుగుతుంది కాబట్టి దాని గీత 47.5 హెర్ట్జ్ వద్ద పడాలి. పరికరంలోని యాంటీ-ఎలియాసింగ్ ఫిల్టర్ (శాంపిల్ రేటులో సగం దగ్గర్నుంచి పై ఫ్రీక్వెన్సీలను ఆపేది) అక్కడ గట్టిగా కోస్తుంది కనుక మసకగానే కనిపిస్తుంది.

లోడు పెరిగితే మోటారు కాస్త నెమ్మదిస్తుంది, గీత కిందికి జరుగుతుంది. కరెంటు లైను నుంచి నేరుగా ఎక్కిన హమ్ అలా జరగదు. మిల్లు ఆపిన క్షణం చూడండి: గీత తెగిపోదు, కొన్ని సెకన్లపాటు వంపు తిరుగుతూ సున్నా వైపు జారుతుంది. ఆ వంపు కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

చాలామంది కరెంటు పోయినప్పుడు గీత కూడా పోయిందని చూసి, హమ్ అని తేల్చేస్తారు. కరెంటు పోతే మిల్లు కూడా ఆగుతుంది కదా! సరైన పరీక్ష వేరే ఉంది. జియోఫోన్ తీసేసి, దాని కాయిల్ రెసిస్టెన్స్‌కు సమానమైన రెసిస్టర్‌ను ఇన్‌పుట్‌కు పెట్టి పది నిమిషాలు రికార్డు చేయండి. గీత అలాగే ఉంటే దోషం వైరింగ్‌లో లేదా అడాప్టర్‌లో ఉంది: షీల్డెడ్ కేబుల్ వేసి, షీల్డును ఒక్క చివరే గ్రౌండ్ చేయండి, అడాప్టర్‌ను దూరంగా జరపండి. గీత పోతే జియోఫోన్‌ను మళ్లీ కలిపి, మందపాటి స్పాంజి మీద పెట్టి చూడండి. గీత బాగా తగ్గితే అది నేలలోంచి వచ్చేదే. తగ్గకపోతే కాయిల్ పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రాన్ని పట్టుకుంటోంది.

నేలలోంచే వస్తే మిల్లును మనం ఆపలేం. దగ్గరి భూకంపాల కోసం 1 నుంచి 15 హెర్ట్జ్ బ్యాండ్‌పాస్ (ఆ మధ్య ఫ్రీక్వెన్సీలనే వదిలే ఫిల్టర్) చాలు, 24 దానంతటదే బయట పడుతుంది. పీ తరంగం (భూకంపంలో ముందుగా చేరేది) రాక సమయం గుర్తించాలంటే జీరో-ఫేజ్ ఆప్షన్ వాడొద్దు. అది తరంగం శక్తిని వెనక్కి కూడా పూస్తుంది, రాక ఉన్నదానికంటే ముందే మొదలైనట్టు కనిపిస్తుంది.

0.1 హెర్ట్జ్ దగ్గర నెమ్మదిగా ఊగే అల, లేదా 24 గీత 26 దగ్గర

రెండూ ఆర్డుయినో బోర్డుతో సొంతంగా కట్టినవారికి వచ్చే చిక్కులు. ట్రాన్స్‌ఫార్మర్ గుయ్‌మనే మోత 100 హెర్ట్జ్. గ్రిడ్ 49.95 దగ్గరుంటే అది 99.9 అవుతుంది, సెకనుకు 100 శాంపిళ్లలో ముడుచుకుని (ఎలియాసింగ్ అంటే ఇదే) 0.1గా కనిపిస్తుంది. శాంపిల్ రేటును 80కి మార్చి చూడండి. నిజమైన అల 0.1 దగ్గరే ఉంటుంది, దొంగది 19.9కి దూకుతుంది. ఏడీసీ (సిగ్నల్‌ను అంకెలుగా మార్చే చిప్) ముందు 10 కిలో ఓమ్‌లు, 0.15 మైక్రోఫారాడ్‌తో ఆర్‌సీ (రెసిస్టర్-కెపాసిటర్) ఫిల్టర్ పెట్టి, సెకనుకు 800 శాంపిళ్లు తీసి, తర్వాత 100కు దించండి. అబ్స్‌పైలోని డెసిమేట్ దించే ముందు లోపాస్ (ఎక్కువ ఫ్రీక్వెన్సీలను ఆపే ఫిల్టర్) తానే వేస్తుంది. ప్రతి ఎనిమిదో శాంపిల్‌ను చేత్తో ఏరితే ఆ రక్షణ ఉండదు.

26 సంగతి ఇంకా సులువు. కోడ్‌లో 10 మిల్లీసెకన్ల డిలే పెట్టారు, చదవడానికి పట్టే సమయం దానికి తోడైంది. అసలు రేటు 92 అయితే, ఫైల్‌లో 100 అని రాసి ఉంటుంది. ఫ్రీక్వెన్సీలన్నీ ఆ నిష్పత్తిలో సాగుతాయి. డిలే తీసేసి మైక్రోసెకన్ల గడియారంతో లేదా టైమర్ ఇంటరప్ట్‌తో చదవండి.

పై నుంచి కింది దాకా నిలువు చార

ముందు డేటాలో ఖాళీలు వెతకండి. కౌంట్లు (పరికరం రాసే అంకెలు) 16,000 చుట్టూ ఉండే సిగ్నల్‌లో ఖాళీని సున్నాతో నింపితే అది గోడలా నిలబడుతుంది, గోడలో అన్ని ఫ్రీక్వెన్సీలూ ఉంటాయి. ట్రేస్‌ను ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కకు సగటు తీసేసి, రెండు చివరలా 5 శాతం టేపర్ (చివరలను మెల్లగా సున్నాకు దించడం) వేసి, ఆ తర్వాతే కలపండి. ఖాళీలు లేకుండా చార ఉంటే గది తలుపో, మెట్ల మీద అడుగులో.

రెస్పాన్స్ (పరికరం స్పందన ప్రభావం) తీసేశాక స్పెక్ట్రమ్ ఎడమ అంచు (తక్కువ ఫ్రీక్వెన్సీలు) పైకి ఎగబాకుతోంది

4.5 హెర్ట్జ్ కింద జియోఫోన్ స్పందన ఆక్టేవ్‌కు (ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ) 12 డెసిబెల్స్ చొప్పున పడిపోతుంది. ఆ లోటును పూడ్చబోయి సాఫ్ట్‌వేర్ సర్క్యూట్ రొదను పెద్దది చేస్తుంది. ప్రీ-ఫిల్టర్‌కు (రెస్పాన్స్ తీసేముందు వేసే ఫిల్టర్‌కు) 0.3, 0.5, 40, 48 హెర్ట్జ్ ఇవ్వండి. బంగాళాఖాతంలో తుఫాను ఉన్నప్పుడు 4 నుంచి 8 సెకన్ల పీరియడ్‌లో మైక్రోసీజం (సముద్రపు అలల వల్ల నేలలో పుట్టే సన్నని కదలిక) దిమ్మెలా ఉబ్బుతుంది. దిమ్మె లేకుండా ఏటవాలుగా ఎక్కుతూనే ఉంటే అది సర్క్యూట్ రొదే. దిమ్మె చూడాలంటే ఆ ప్రీ-ఫిల్టర్ కింది అంచును తాత్కాలికంగా 0.05, 0.1కి దించాలి.

గీతలు లావుగా, లేదా పీ తరంగం, దాని వెనక వచ్చే ఎస్ తరంగం కలిసిపోయి

ఇది విండో పొడవు (ఒక్కోసారి ఎన్ని శాంపిళ్లను కలిపి లెక్కిస్తామో) సంగతి. మోటార్లను విడదీయడానికి 4096 శాంపిళ్లు, దగ్గరి భూకంపానికి 256. ఒకే విండోతో రెండు పనులూ కావు.

భూకంపం వచ్చింది, ఫైల్‌లో లేదు

2024 డిసెంబర్ 4న ములుగు భూకంపం మన గడియారంలో ఉదయం 7:27కి వచ్చింది. డేటా యూటీసీలో (మనకంటే అయిదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటుంది కాబట్టి 1:57 దగ్గర వెతకాలి. ఉదయం 5:30 లోపు వచ్చినదైతే ముందురోజు ఫైల్‌లో ఉంటుంది. ఇంకా దొరక్కపోతే గడియారాన్ని అనుమానించండి: రాస్ప్‌బెర్రీ పై 4 వరకు బోర్డుల్లో రియల్ టైమ్ క్లాక్ లేదు, కరెంటు వచ్చి నెట్ రాకపోతే పాత సమయం నుంచే లెక్క మొదలుపెడుతుంది. డీఎస్3231 క్లాక్ మాడ్యూల్ ఒకటి తగిలిస్తే ఈ బాధ తీరుతుంది.