వేసవి బడి ఫిబ్రవరి మీటింగ్‌లోనే మొదలవ్వాలి: కొత్తగా కమిటీలోకి వచ్చే తల్లిదండ్రులకు

మన దగ్గర బడులకి మామూలుగా ఏప్రిల్ 24న సెలవులిస్తారు, జూన్ 12న తెరుస్తారు. నడుమ ఏడు వారాలు. మార్చిలో కూడబలుక్కుని అయినా పేరా చదివిన మూడో తరగతి పిల్ల, జూన్‌లో ఒత్తు వచ్చిన చోటల్లా ఆగిపోతుంది. ఇంట్లో పుస్తకం అన్నదే లేని పిల్లల్లో ఇది మరీ ఎక్కువ. అందుకే సెలవుల్లో రోజుకి రెండు, రెండున్నర గంటలు చదివించే ఏర్పాటు ప్రతి ఊళ్ళోనూ ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. ఆ ఏర్పాటు చెయ్యాల్సింది స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీయే.

నేను శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలో ఒక ప్రాథమిక పాఠశాల కమిటీకి చైర్‌పర్సన్‌ని. జీడిపప్పు తొక్క తీసే పనికి పలాస వెళ్తాను. నా పిల్లలిద్దరూ అదే బడిలో చదువుతున్నారు. మేం పాటించే పద్ధతి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి.

మొదట కమిటీ గురించి నాలుగు మాటలు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. మన రాష్ట్రంలో తరగతికి ముగ్గురు తల్లిదండ్రులని ఎన్నుకుంటాం కాబట్టి ఐదు తరగతుల బడిలో 15 మంది అవుతారు. హెడ్‌మాస్టర్ గారు సభ్య కన్వీనర్. బడి బాగోగులు చూడటం, వచ్చిన డబ్బు ఎలా ఖర్చవుతోందో చూడటం, బడి అభివృద్ధి ప్రణాళిక రాయడం ఈ కమిటీ పనులని చట్టంలోనే ఉంది. ‘సార్లు చెప్పినప్పుడు వెళ్ళి సంతకం పెట్టి రావడం’ అని మాత్రం అందులో ఎక్కడా లేదు.

మీటింగ్ సరిగ్గా నడవని బడిలో వేసవి చదువు కూడా నడవదు. కాబట్టి మీటింగ్ దగ్గరే మొదలుపెడతాను. మేం నెలకోసారి కూర్చుంటాం. మూడు రోజుల ముందే పిల్లల చేత ఇంటింటికీ చీటీ పంపిస్తాం. వాట్సాప్‌లో పెడితే సరిపోతుందని కొందరంటారు గానీ, మా ఊళ్ళో చాలా ఇళ్ళలో ఫోన్ మగవాళ్ళ జేబులో ఉంటుంది, కమిటీలో ఉన్నది వాళ్ళ భార్యలు. మీటింగ్ మధ్యాహ్నం పెడితే జీడి పనికి వెళ్ళేవాళ్ళు రాలేరు. అందుకని సాయంత్రం ఐదున్నరకి పెడతాం. సగం మందైనా లేకపోతే తీర్మానం రాయం, ఇంకో రోజు కూర్చుంటాం.

వరుస ఇలా ఉంటుంది. పోయిన నెల తీర్మానాల్లో ఏవి జరిగాయి, ఏవి జరగలేదు అన్నది ముందు. తర్వాత హాజరు. ఎంత శాతం అని అడగం, ఎవరు రావట్లేదో పేర్లు చదివిస్తాం, ఏ పిల్లాడి ఇంటికి ఎవరు వెళ్ళాలో అక్కడే చెప్పుకుంటాం. ఆ తర్వాత మధ్యాహ్న భోజనం. ఆ నెలలో రుచి చూసిన ఇద్దరు సభ్యులు మాట్లాడతారు. మరుగుదొడ్లు, నీళ్ళు. లెక్కలు వచ్చేసరికి పాస్‌బుక్ ఆఖరి పేజీ అందరి చేతుల్లోంచీ తిరగాలి. ఖాతా మీద చైర్‌పర్సన్ సంతకం, హెడ్‌మాస్టర్ సంతకం రెండూ ఉంటాయి, కాబట్టి జవాబు చెప్పాల్సింది కూడా ఇద్దరూ. కొత్త విషయాలు ఆఖర్న. అన్నీ కలిపి ముప్పావుగంట.

మినిట్స్ అక్కడికక్కడే రాయించి, గట్టిగా చదివించి, అప్పుడే సంతకాలు పెట్టాలి. చదువు రాని సభ్యులు వేలిముద్ర వేసేది ఆ చదివింది విన్నాకే. మీటింగ్ జరగకుండా రిజిస్టర్ ఇంటికొస్తే సంతకం పెట్టకండి, ఖాళీ పేజీ మీద అసలే వద్దు. మర్యాదగానే ‘మీటింగ్ పెట్టండి సార్, వచ్చి పెడతాను’ అనండి.

ఇక వేసవి సంగతి. దీన్ని ఫిబ్రవరి మీటింగ్‌లో పెట్టాలి. ఏప్రిల్‌లో మాట్లాడదాం అనుకుంటే అప్పటికి పరీక్షల హడావుడి, టీచర్లు సెలవు ప్రయాణాల్లో, పిల్లలు అమ్మమ్మగారి ఊళ్ళలో ఉంటారు. పైగా మార్చి 31తో లెక్కల సంవత్సరం ముగుస్తుంది. ప్రభుత్వం బడికిచ్చే గ్రాంట్‌లో ఏమైనా మిగిలితే పుస్తకాలకీ చార్టులకీ వాడొచ్చా అన్నది ఆ లోపే తేల్చుకోవాలి.

తీర్మానం ఎలా రాస్తామన్నది చాలా ముఖ్యం. ‘వేసవిలో పిల్లల చదువు గురించి చర్చించడమైనది’ అని రాస్తే ఏ పనీ జరగదు. మేం రాసేది ఇలా ఉంటుంది:

‘మే 1 నుంచి 31 వరకు, ఆదివారాలు మినహా, ఉదయం 7.30 నుంచి 10 గంటల వరకు మన పాఠశాలలో వేసవి చదువుల శిబిరం నడపాలని తీర్మానించడమైనది. పాఠశాల గదుల వినియోగానికి మండల విద్యాశాఖాధికారి గారికి హెడ్‌మాస్టర్ గారు మార్చి 10 లోపు లేఖ రాస్తారు. తాళాలు వైస్ చైర్‌పర్సన్ గారి దగ్గర ఉంటాయి. పిల్లల చదువు స్థాయి పరీక్ష ఏప్రిల్ మొదటి వారంలో జరుగుతుంది. నీళ్ళు, పరిశుభ్రత బాధ్యత నాలుగో తరగతి సభ్యులది.’ కింద ప్రతిపాదించినవారి పేరు, బలపరచినవారి పేరు.

ఎవరు, ఎప్పటిలోగా అన్నవి లేని వాక్యం తీర్మానంలో ఉండకూడదు.

వేళ గురించి ఎక్కువసేపు మాట్లాడుకోండి, ఎందుకంటే శిబిరం నిలబడేదీ పడేదీ అక్కడే. మా దగ్గర ఒకావిడ మొదట్లోనే అడిగింది: ‘తొమ్మిదికి పెడితే నాను పన్లోకి ఎలగెళ్తాను అప్పా, గుంటని ఎవులు దించుతారు?’ ఆటో ఎనిమిదింటికి బయల్దేరుతుంది. ఏడున్నరకి పిల్లని బడి దగ్గర దించి ఆటో ఎక్కొచ్చు. మరి ఆరింటికే పెడితే చల్లగా ఉంటుంది కదా అని ఎవరైనా అంటారు. మా ఉద్దానం ప్రాంతంలో అది కుదరదు. జీడి, పనస పండే కాలంలోనే ఎలుగుబంట్లు తోటల్లోకి దిగుతాయి, అవి తిరిగేది తెల్లవారుజామున, సందె వేళ. తోట దారిన వచ్చే పిల్లలు బాగా తెల్లారాకే, గుంపుగా, వెంట ఒక పెద్ద మనిషితో రావాలి. పది దాటితే ఎండ. కాబట్టి మాకు మిగిలింది ఆ రెండున్నర గంటలే. మీ ఊళ్ళో ఉపాధి పని వేళలు, కల్లాల పని, సంతరోజు వేరుగా ఉండొచ్చు. వాటిని చీటీ మీద రాసుకుని లెక్క చూడండి. గ్రామదేవత సంబరం ఏ వారంలో వస్తుందో కూడా చూసుకోండి, ఆ మూడు రోజులు ఎవరూ రారు.

పదింటికి ఇంటికి తీసుకెళ్ళడం ఎవరన్నది ఇంకో ప్రశ్న. మా మత్స్యకార వీధిలో దీనికి మంచి దారి దొరికింది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. తండ్రులు ఒడ్డునే ఉంటారు. వాళ్ళని నేరుగా పేరు పెట్టి అడిగితే కాదనరు. పిల్లల్ని తీసుకెళ్ళే పని, దారిలో చెరువులోకీ సముద్రంలోకీ దిగకుండా చూసే పని వాళ్ళకి అప్పజెప్పాం. సెలవుల్లో పిల్లలు నీళ్ళలో పోతున్న వార్తలు ప్రతి వేసవీ వింటున్నాం కదా, దీన్ని చిన్న విషయంగా తీసుకోకండి.

చెల్లినో తమ్ముణ్ణో ఎత్తుకుని వచ్చే ఆడపిల్లల్ని వెనక్కి పంపకండి. పంపితే ఆ పిల్ల మళ్ళీ రాదు. వెనకాల ఒక చాప పరిచి, నాలుగు పలకలు పెట్టండి.

ఇప్పుడు చదువు. వేసవిలో సిలబస్ ముట్టుకోవద్దు. చదవడం, లెక్క చెయ్యడం, ఈ రెండే. ఏప్రిల్ మొదటి వారంలో ప్రతి పిల్లనీ విడిగా కూర్చోబెట్టి పరీక్షించాలి. ప్రథమ్ సంస్థ 2005 నుంచి చేస్తున్న అసర్ సర్వేలో వాడే తేలికైన పద్ధతి ఉంది: అక్షరాలు, పదాలు, చిన్న పేరా, కథ అని నాలుగు మెట్లు. ఎక్కడ ఆగితే అదే ఆ పిల్ల స్థాయి. పిల్లకి మూడు, నాలుగు నిమిషాలు చాలు. శిబిరంలో కూర్చోబెట్టేది ఆ స్థాయిని బట్టే, తరగతిని బట్టి కాదు. ఐదో తరగతి పిల్లాడు రెండో తరగతి వాడి పక్కన కూర్చోవాల్సి వస్తుంది. వాడు సిగ్గుపడకుండా గుంపులకి పువ్వుల పేర్లో పక్షుల పేర్లో పెట్టండి.

తెలుగులో పిల్లలు ఆగిపోయేది గుణింతాల దగ్గర, ఒత్తుల దగ్గర. పదాలు వాళ్ళ నోట్లో ఉన్నవే తీసుకోవాలి. అదే అక్షరానికి ఒత్తు వచ్చేవి ముందు: కొబ్బరి, జీడిపప్పు, ఉద్దానం, బస్సు. అవి వచ్చాక వేరే ఒత్తు వచ్చేవి: సముద్రం, వజ్రపుకొత్తూరు. రోజూ చూసే బస్సు బోర్డు మీది పేరు తనే చదవగలిగిన రోజున పిల్ల ముఖం చూడాలి మీరు! ఆ తర్వాత పుస్తకం ఇమ్మని తనే అడుగుతుంది. మా వైపు కొన్ని ఇళ్ళలో ఒడియా మాట్లాడతారు. ఆ పిల్లల్ని కథ ముందు ఇంటి భాషలో చెప్పనివ్వండి, తర్వాత తెలుగులో చెప్పించండి. మన జిల్లాలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు సవర గిరిజన పిల్లలకి వాళ్ళ భాషలోనే వాచకాలు రాసి చదువు చెప్పించారు. మనం కనీసం ఒక పావుగంట ఇవ్వలేమా?

లెక్కలకి చింతపిక్కలు, కొబ్బరి ఈనపుల్లలు చాలు. పదేసి పుల్లలు కట్టకడితే పదులు, విడివి ఒకట్లు. జీడిపిక్కలు మాత్రం పిల్లల చేతికివ్వకండి, పెంకులోని జీడి నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. పెద్ద పిల్లలకి ఇంట్లో వినే లెక్కే ఇవ్వండి: పిక్కలు 80 కిలోల బస్తా లెక్కన కొంటారు, బస్తా ధర ఇంతైతే కిలో ఎంత పడింది, మూడు బస్తాలకి ఎంత రావాలి? ఈ లెక్క నేర్చుకున్న పిల్ల ఇంట్లో నాన్న పక్కన కూర్చుంటుంది.

చదివించడానికి సెలవులకి ఊరొచ్చిన ఇంటర్, డిగ్రీ పిల్లలని అడగండి. ఒక్కొక్కరికి పది, పన్నెండు మంది పిల్లలకి మించకూడదు. ఒకరు మానేసినా నడిచేలా అదనంగా ఇంకొకర్ని చూసుకోండి. బడికి సెలవులివ్వక ముందే ఒక పూట టీచర్ గారి దగ్గర కూర్చోబెట్టి ఎలా చదివించాలో చూపించమనండి. కమిటీలో ఒక తల్లి రోజూ వంతు ప్రకారం బడి దగ్గర ఉండాలి. శిబిరం నడిచేంతసేపూ ఇద్దరు పెద్దవాళ్ళు లేకుండా ఉండకూడదు, ఇందులో సడలింపు వద్దు. వచ్చిన యువతకి దారి ఖర్చులివ్వండి, చివర్లో హెడ్‌మాస్టర్ గారి సంతకంతో సర్టిఫికెట్ ఇవ్వండి.

పుస్తకాలకి దగ్గర్లోని శాఖా గ్రంథాలయం వాళ్ళని కలవండి. గ్రంథాలయాల్లో వేసవి విజ్ఞాన శిబిరాలు ఎలాగూ జరుగుతాయి. బడి గదిలో బీరువాలో ఉన్న కథల పుస్తకాలు కూడా సెలవులకి ముందే లెక్కపెట్టి బయటికి తీయించండి. చిరుగుతాయని తాళం వేసి ఉంచడం నాకు నచ్చదు. చిరిగిన పుస్తకం ఎవరో చదివిన పుస్తకం.

డబ్బు విషయం త్వరగా చెప్పేస్తాను. బడి ఖర్చులకి ప్రభుత్వం ఇచ్చే సమగ్ర శిక్ష కాంపోజిట్ గ్రాంట్ పిల్లల సంఖ్యని బట్టి వస్తుంది: 100 లోపు ఉన్న బడికి 25,000, 250 లోపైతే 50,000 రూపాయలు, 30 మంది లోపు ఉంటే 10,000. అది కరెంటు బిల్లులకీ మరమ్మతులకీ చాక్‌పీసులకీ ఏడాదంతా సరిపోవాలి. కాబట్టి శిబిరం దాని మీద ఆధారపడకూడదు. సాయం వస్తువుగా తీసుకోండి: ఒకరు చోడిపిండి (రాగిపిండి), ఒకరు నోటు పుస్తకాలు, ఒకరు చాపలు. నగదు ఎవరైనా ఇస్తే రసీదు ఇచ్చి ఖాతాలోనే వెయ్యాలి. సెలవుల్లో మధ్యాహ్న భోజనం ఉండదు కాబట్టి పది గంటలకి గ్లాసు చోడి అంబలి ఇవ్వడం మంచిది. తాగే నీళ్ళ గురించి, కిడ్నీ జబ్బులు చూస్తున్న ఉద్దానం వాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. బోరు నీళ్ళు కాకుండా శుద్ధి చేసిన నీళ్ళ క్యాన్‌లు ముందే మాట్లాడుకోండి.

అమ్మానాన్నలతో హైదరాబాద్, విజయవాడ బిల్డింగ్ పనులకి వెళ్ళిపోయే పిల్లలు ఉంటారు. వాళ్ళకి వెళ్ళేముందే రెండు కథల పుస్తకాలివ్వండి, ఫోన్ నంబరు తీసుకోండి. వారానికోసారి ఒక వాలంటీర్ ఫోన్ చేసి ఒక పేజీ చదివించుకుంటే చాలు.

శిబిరం ఆఖరి రెండు రోజుల్లో ఏప్రిల్‌లో పెట్టిన పరీక్షే మళ్ళీ పెట్టండి. రెండు పరీక్షల్లోనూ ఏ పిల్ల ఏ మెట్టు మీద ఉందో ఒకే కాగితం మీద రాసి, జూన్ 12న బడి తెరవగానే క్లాస్ టీచర్లకి ఇవ్వండి. ఒక కాపీ మినిట్స్ పుస్తకంలో అంటించండి. జూన్ మీటింగ్‌లో మొదట శిబిరం ఖర్చుల లెక్క చదవాలి, తర్వాత మెట్టు కదలని పిల్లల పేర్లు. వాళ్ళకి బడి వేళలోనే రోజుకి అరగంట విడిగా చదివించడానికి ఏ టీచర్ గారు ఒప్పుకున్నారో తీర్మానంలో రాయండి. జూలై మీటింగ్‌లో ఆ పేర్లు మళ్ళీ చదివించండి.