కారు లైటర్ సాకెట్: పనిచేయకపోతే ఏం చూడాలి, ఎంత లోడు పెట్టాలి

వరంగల్ నుంచి మేడారం జాతరకో, కాళేశ్వరానికో కుటుంబమంతా కారులో బయలుదేరితే ఫోన్ ఛార్జరు, చిన్న ఫ్యాను, టైర్లకు గాలి కొట్టే పంపు, అన్నీ ఆ ఒక్క లైటర్ సాకెట్ మీదే ఆధారపడతాయి. అది ఉన్నట్టుండి పనిచేయకపోతే ఫ్యూజు పోయిందని తేల్చేసేవారే ఎక్కువ. ఫ్యూజు పెట్టె తెరవడానికి ముందు చూడవలసినవి కొన్ని ఉన్నాయి.

చాలా కార్లలో తాళం చెవిని ఒక మెట్టయినా తిప్పితేనే సాకెట్‌కు కరెంటు వస్తుంది, కొన్నింటిలో మాత్రం చెవి తీసేసినా వస్తూనే ఉంటుంది. మీది ఏ రకమో తెలుసుకున్నాక, అదే ఛార్జరును మరో కారులో పెట్టి చూడండి. అక్కడా పనిచేయకపోతే తప్పు ఛార్జరుదే. కొన్ని ప్లగ్గుల కొనకు స్క్రూలా తిప్పి విప్పే మూత ఉంటుంది. దాన్ని విప్పితే లోపల స్ప్రింగు, సన్నని గాజు ఫ్యూజు కనిపిస్తాయి, పంపులు పనిచేయకపోవడానికి తరచుగా అదే కారణమవుతుంది. మూత విప్పేటప్పుడు కింద గుడ్డ పరచుకోవాలి, ఎందుకంటే ఆ స్ప్రింగు ఎగిరి సీటు కిందికి పోతే దొరకదు.

తప్పు ఛార్జరులో లేదని తేలితే టార్చి వేసి సాకెట్ లోపలికి చూడాలి. అడుగున మధ్యలో ఉండేది పాజిటివ్, చుట్టూ ఉండే లోహపు గోడ నెగెటివ్. రూపాయి బిళ్ళో, చాక్లెట్ రేకో పడి ఈ రెండింటినీ కలిపితే షార్టయి ఫ్యూజు పోతుంది. కప్పుల స్థలానికి పక్కనే సాకెట్ ఉండే కార్లలో చిల్లర అందులో పడే అవకాశం ఎక్కువ. దానిని తీయడానికి స్క్రూడ్రైవరు పెట్టకూడదు. ముందుగా సాకెట్ ఫ్యూజును పీకి, ఆ తరువాత ప్లాస్టిక్ లేదా చెక్క పుల్లతో తీయాలి.

ఏ ఫ్యూజు దేనిదో కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది, చాలా కార్లలో ఫ్యూజు పెట్టె మూత లోపలి వైపు కూడా ముద్రించి ఉంటుంది. చదునుగా ఉండే ఈ ఫ్యూజులలో 10 ఆంపియర్లది ఎరుపు, 15 ఆంపియర్లది నీలం, 20 ఆంపియర్లది పసుపు. పీకి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే లోపలి తీగ తెగిందో లేదో తెలిసిపోతుంది. తెగితే అదే అంకె ఉన్నదే వేయాలి. "పెద్దది వేస్తే మళ్ళీ పోదు" అని సలహా ఇచ్చేవారు ఊరూరా ఉంటారు, అది వినకూడని సలహా. ఫ్యూజు కాపాడేది ఛార్జరును కాదు, డ్యాష్‌బోర్డు వెనుక నడిచే వైరును. 10 ఆంపియర్లకు సరిపడే వైరుకు 20 ఫ్యూజు వేస్తే, ఫ్యూజు కంటే ముందు వైరే వేడెక్కి కాలుతుంది. తెగిన ఫ్యూజుకు రేకు చుట్టి పెట్టడం అంతకంటే ప్రమాదకరం. ఏమీ తగిలించకుండానే కొత్త ఫ్యూజు కూడా పోతే, ఆటో ఎలక్ట్రీషియన్‌కు చూపించవలసిందే.

ఇక లోడు సంగతి. 12 వోల్టుల దగ్గర 10 ఆంపియర్లంటే 120 వాట్లు, 15 అంటే 180. ఒక సాకెట్‌ను మూడుగా చీల్చే అడాప్టరు పెట్టినా ఈ హద్దు పెరగదు, ఉన్నదే మూడుగా పంచుకోవాలి. కొన్ని గాలి పంపులు ఒక్కటే 10 ఆంపియర్లకు పైగా లాగుతాయి కనుక అవి నడుస్తున్నప్పుడు మిగతావన్నీ తీసేయాలి. నీళ్ళు కాచే కెటిల్‌ను ఇన్వర్టరు ద్వారా ఇక్కడ నడపాలనే ఆలోచనే వద్దు.

జాతరలో రాత్రంతా బండి ఆపి ఉంచేవారు బ్యాటరీని కూడా లెక్కలో పెట్టుకోవాలి. చిన్న కార్లలో సాధారణంగా కనిపించే 35 ఆంపియర్-అవర్ బ్యాటరీ నుంచి 3 ఆంపియర్ల ఫ్యాను ఎనిమిది గంటలు తిరిగితే అందులో 24 ఆంపియర్-అవర్లు ఖర్చవుతాయి, తెల్లవారి బండి స్టార్టు కాకపోవచ్చు. పంపును ఇంజను నడుస్తుండగానే వాడాలి, అదీ మూసిన షెడ్డులో కాదు, ఆరుబయట. పని అయ్యాక ప్లగ్గు బాగా వేడిగా ఉంటుంది. కాసేపు చల్లారనిచ్చి, వైరు పట్టి లాగకుండా ప్లగ్గునే పట్టుకుని తీయాలి.